స్లైడు ఆరకముందే ఊరు దాటిన మాట

ల్యాబ్ టెక్నీషియన్‌గా రిటైరయ్యానని చెబితే చాలామంది మొదట అడిగేది, షుగరు పరీక్ష పరగడుపున చేయించుకోవాలా, తిన్నాక చేయించుకోవాలా అని. అంతకు మించి ల్యాబులో ఏం జరుగుతుందిలే అని వాళ్ళ ఉద్దేశం. నేనూ వివరించను. ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు పిల్లలు ఇంటికొచ్చి, "మేడమ్, మీ సర్వీసులో గుర్తుండిపోయిన కేసు ఏది?" అని అడిగారు. వాళ్ళకు చెప్పినదే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను. ఆసుపత్రి పల్నాడులోదే, అంతవరకు చెప్తాను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. వాళ్ళలో కొందరు ఇంకా అదే వరండాలో తిరుగుతున్నారు.

అప్పటికి నా రిటైర్మెంటు దగ్గర పడింది. మా ల్యాబులో సూక్ష్మజీవుల పరీక్షలు చూసే డాక్టరు చిన్న వయసామె. నెమ్మదిగా మాట్లాడేది. ఏ ఫలితం చెప్పాలన్నా ముందు "ఒక్క నిమిషం" అనేది. వార్డు డాక్టర్లకు అది విసుగు. మేము కూడా చాటుగా ఆమెను ఒక్క నిమిషం మేడమ్ అనుకునేవాళ్ళం. ఆమె కింద నేను, ఇంకో కాంట్రాక్టు టెక్నీషియనూ ఉండేవాళ్ళం. అతనిది రొంపిచెర్ల. పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నవాడు. పసిబిడ్డ చేతిలో నరం దొరక్కపోతే వార్డు సిస్టర్లు అతన్నే పిలిచేవాళ్ళు. చెయ్యి అంత చురుకు. నోరు ఇంకాస్త చురుకు.

కథ నడవాలంటే గ్రామ్ స్టెయిన్ సంగతి కొద్దిగా చెప్పాలి. ఈ పనిలో ఉన్నవాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు. బాక్టీరియాకు సొంత రంగు ఉండదు, మైక్రోస్కోపులో పెట్టినా సరిగ్గా కనిపించదు. అందుకని స్లైడు మీద ముందు ఊదా రంగు పోస్తాం. అది నిలబడేందుకు అయోడిన్ పోస్తాం. తర్వాత స్పిరిట్‌తో కడిగి, చివర్లో గులాబీ రంగు పోస్తాం. ఒంటి చుట్టూ మందపాటి గోడ ఉన్న బాక్టీరియా, స్పిరిట్‌తో కడిగినా ఊదా రంగును వదలదు. గోడ పలచగా ఉన్నది వదిలేసి, ఆఖరున పోసిన గులాబీ రంగు పట్టుకుంటుంది. ఊదా అయితే పాజిటివ్, గులాబీ అయితే నెగెటివ్. దాదాపు అన్ని బాక్టీరియాలనూ రెండు జట్లుగా విడగొట్టే పరీక్ష ఇది. దీని ప్రాణమంతా కడగడంలో ఉంది. తక్కువ కడిగితే అన్నీ ఊదాగానే మిగులుతాయి. ఎక్కువ కడిగితే మందపాటి గోడ ఉన్నవి కూడా రంగు వదిలేసి గులాబీ జట్టులో చేరిపోతాయి.

మిరపకోతల కాలం. పదో తరగతి పరీక్షలు దగ్గరికొచ్చాయి. ఆ పొద్దున నేను ఓపీలో రక్తాలు తీస్తున్నాను. పిల్లల వార్డు నుంచి ఒక చిన్న ట్యూబు ల్యాబుకు వచ్చింది. ఆడపిల్లల హాస్టల్లో ఉండి పదో తరగతి చదివే పిల్లకు తీవ్రమైన జ్వరం, తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం. వెన్నులోంచి నీరు తీసి పంపారు. మామూలుగా అది తాగే నీళ్ళలా తేటగా ఉండాలి. ఇది బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. మెదడు పొరలకు చీము పట్టిందని చూడగానే తెలిసిపోతుంది. ఏ బాక్టీరియా వల్ల పట్టిందన్నదే తేలాలి.

నేను ఓపీ నుంచి వచ్చేసరికి మా వాడు, ఆ రొంపిచెర్ల టెక్నీషియను, మైక్రోస్కోపు ముందు కూర్చుని ఉన్నాడు.

"మేడమ్, ఒకసారి మీరు చూడండి. జంటలు. పింక్ కలర్."

చూశాను. స్లైడంతా చీముకణాలు. వాటి మధ్య రెండేసి గుండ్రటి బాక్టీరియాలు, గులాబీ రంగులో. వెన్నునీటిలో గులాబీ జంటలు కనిపిస్తే ముందు గుర్తొచ్చేది మెనింగోకాకస్. దగ్గరగా మసిలే వాళ్ళకు, ఒకే గదిలో పడుకునే వాళ్ళకు అది అంటుకుంటుంది. హాస్టలంటే గదినిండా పిల్లలు.

"మా అక్క కూతురు ఆ హాస్టల్లోనే ఉంది మేడమ్," అన్నాడు.

"డాక్టరుగారు వచ్చి చూసేదాకా ఈ మాట బయట అనమాకు," అన్నాను.

సరేనని తల ఊపాడు. అప్పటికే అక్కకు ఫోన్ చేసేశాడని నాకు తెలియదు.

డాక్టరమ్మ వచ్చి ఆ స్లైడును చాలాసేపు చూసింది. పిల్లల డాక్టరు ఫోన్ చేశాడు. ఆమె "ఒక్క నిమిషం" అని చెప్పి, ఫోన్ బల్ల మీద పెట్టి మళ్ళీ చూసింది.

"రంగు గులాబీనే. ఆకారమే నాకు నచ్చడం లేదు," అంది మాతో. "మెనింగోకాకస్ అయితే రెండు చిక్కుడు గింజలు ఎదురెదురుగా పెట్టినట్టు ఉండాలి. వీటికి చివరలు మొనదేలి ఉన్నాయి. ఇదుగో, చీము మందంగా ఉన్న ఈ మూల చూడండి, ఒకటి రెండు జంటలకు ఊదా ఛాయ ఉంది." తర్వాత అతని వైపు తిరిగింది. "దేంతో కడిగారు?"

"ఎసిటోన్‌తో మేడమ్. స్పిరిట్ అయిపోయింది. స్టోర్సు నుంచి నిన్న ఇదే వచ్చింది."

"ఎంతసేపు?"

"ఎప్పుడూ కడిగినంత సేపే."

ఎసిటోన్‌తో కడగడం తప్పు కాదు, పుస్తకాల్లో ఉన్నదే. కాకపోతే అది స్పిరిట్ కంటే చాలా త్వరగా రంగు లాగేస్తుంది. స్పిరిట్‌కు అలవాటుపడిన చెయ్యి ఎసిటోన్‌తో అంతసేపే కడిగితే ఊదా రంగు నిలవడం కష్టం. న్యుమోకాకస్ అనే ఇంకో బాక్టీరియా ఉంది. అదీ జంటలుగానే ఉంటుంది, మెదడు పొరలకు చీము పట్టిస్తుంది. అయితే దాని గోడ మందం, రంగు ఊదా. ఒకరి నుంచి ఒకరికి హాస్టలంతా పాకేది కాదు. ఈ రెంటిలో ఏదన్నది తేలాలి.

ఆ పిల్ల వైద్యానికి అప్పటికి తేడా ఏమీ లేదు. పిల్లల డాక్టరు ఇంజెక్షను మొదలుపెట్టేశాడు, అది రెంటికీ పనికొచ్చేదే. తేడా అంతా హాస్టలుకే. గులాబీ అయితే గదిలో పిల్లలందరికీ మాత్రలివ్వాలి, జ్వరాలు చూసుకుంటూ ఉండాలి. ఊదా అయితే అదేదీ అక్కర్లేదు. డాక్టరమ్మ ఫోన్ తీసి, "గులాబీగా కనిపిస్తున్నాయి, కానీ స్టెయినింగు మీద అనుమానం ఉంది. కొంచెం టైమివ్వండి," అని చెప్పింది. ఈలోపు గదిలో పిల్లలకు మాత్రలు మొదలుపెడతానని ఆయన అన్నాడు. అది తప్పనడానికి లేదు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు.

"ఇప్పుడు మనకు పాజిటివ్, నెగెటివ్ రెండూ ఉన్న నమూనా కావాలి," అంది డాక్టరమ్మ. "ఎవరి పళ్ళు ఇస్తారు?"

నవ్వకండి. పంటి సందుల్లో గీకితే వచ్చే పాచిలో రెండు జట్ల బాక్టీరియా ఉంటుంది. రంగులు సరిగ్గా పడుతున్నాయో లేదో సరిచూసుకోవడానికి దానికి మించిన చవకైన నమూనా, మా భాషలో కంట్రోలు, లేదు. నా పళ్ళే ఇచ్చాను. వయసులో పెద్దదాన్ని, సరుకు ఎక్కువ ఉంటుందని. రెండు స్లైడ్లు చేశాం. ఒకటి మా వాడు పొద్దున కడిగినట్టే కడిగాడు. రెండోదాని మీద డాక్టరమ్మ ఎసిటోన్ చుక్కలు వదిలి, వెంటనే నీళ్ళతో ఆపేసింది. మొదటిది మొత్తం గులాబీ. రెండోదాంట్లో ఊదా, గులాబీ రెండూ విడివిడిగా కనిపించాయి.

పొద్దుటి స్లైడు నమ్మదగింది కాదని తేలింది. అంతమాత్రాన ఆ పిల్లకు ఉన్నది న్యుమోకాకస్సేనని తేలినట్టు కాదు. ట్యూబు అడుగున ఇంకొక్క చుక్క మిగిలి ఉంది. బాక్టీరియాను పెంచే కల్చర్ ప్లేటు మీద అంతకుముందే వేశాం కానీ, అందులో ఏం పెరిగిందో తెలియాలంటే మర్నాటిదాకా ఆగాలి. ఈ చుక్క కూడా పాడుచేస్తే పిల్ల వెన్నులో మళ్ళీ సూది గుచ్చమని అడగాలి. నేను చేస్తానని గ్లౌజులు తీసుకోబోయాను.

"వద్దు, ఆయన్నే చెయ్యనీయండి," అంది డాక్టరమ్మ.

ఆమె ఎందుకలా అందో అప్పుడు నాకు అర్థం కాలేదు, కొంచెం కోపం కూడా వచ్చింది. అతను స్లైడు చేసి, ఊదా రంగు, అయోడిన్ పోశాడు. తర్వాత ఎసిటోన్ చుక్కలు వదిలాడు. స్లైడు కొస నుంచి జారే చుక్కలో ఊదా పలచబడగానే ఆమె "చాలు" అంది, అతను అప్పటికే నీళ్ళు వదిలాడు. గులాబీ రంగు పోసి, కడిగి, ఆరబెట్టి, నూనె చుక్క వేసి, ముందు ఆమె చూసింది. తర్వాత నేను చూశాను. చీముకణాలు గులాబీగా ఉన్నాయి, ఉండాల్సినట్టే. వాటి మధ్య జంటలు ముదురు ఊదా రంగులో ఉన్నాయి.

ఆమె పిల్లల డాక్టరుకు ఫోన్ చేసి, "ఊదా. న్యుమోకాకస్ అనుకుంటున్నాను. ఆ అమ్మాయి చెవులు చూశారా?" అని అడిగింది. ఆయన వార్డుకు వెళ్ళి చూసి, వాళ్ళమ్మను అడిగాడట. "చెవి కారుద్ది సారూ. మూడేళ్ళ కాణ్ణుంచి కారతానే ఉంది," అన్నదట ఆ తల్లి. చెవిలో చీము మెల్లగా లోపలికి దారి చేసుకుంది. ఇక మాకు పెద్దగా అనుమానం మిగల్లేదు. మర్నాడు ప్లేటు మీద పెరిగింది కూడా అదే.

ల్యాబులో కథ ఇక్కడికి సుఖాంతం. తలుపు తీసేసరికి బయట వేరే కథ నడుస్తోంది.

అతని ఫోను మోగింది. పక్కనే ఉన్నాను కాబట్టి అవతల వాళ్ళక్క గొంతు నాకూ వినపడింది.

"ఒరేయ్, పిల్లను తీసుకొచ్చేశాం. బండి మీద ఇప్పుడే ఇంటికి చేరాం. నువ్వు చెప్పబట్టి సరిపోయింది. మా వీధిలో ఇంకో ఇద్దరి పిల్లలు ఆ హాస్టల్లోనే ఉంటే వాళ్ళక్కూడా చెప్పా."

అతను నా వైపు చూసి చూపు దించుకున్నాడు. రొంపిచెర్లలో ఆ ఇద్దరు ఇంకెంతమందికి చెప్పారో, వాట్సాప్ గ్రూపుల్లో ఎవరు పెట్టారో తెలియదు. మధ్యాహ్నానికల్లా 'హాస్టల్లో మెదడువాపు జ్వరం, పిల్లలు పడిపోతున్నారు' అనే మాట చుట్టుపక్కల మండలాలన్నీ తిరిగేసింది. కోతల్లో ఉన్నవాళ్ళు కోతలు వదిలి వచ్చారు. ఆటోలు, బైకులు, ఒక ట్రాక్టరు కూడా హాస్టలు గేటు ముందుకొచ్చాయి. వార్డెను అడ్డం నిలబడితే తోసేసి పిల్లల్ని ఎక్కించుకుపోయారు. పరీక్షల ముందు హాస్టలు ఖాళీ అయింది.

సాయంత్రం ఆసుపత్రి పెద్ద డాక్టరు, పిల్లల డాక్టరూ హాస్టలుకు వెళ్ళి మిగిలిన తల్లిదండ్రులకు నచ్చజెప్పారు. ఇది అంటుకునే జబ్బు కాదు, మొదటి పరీక్షలో రంగు సరిగా రాలేదు, రెండోసారి సరిగా వచ్చింది అని. ఒకాయన లేచి అన్నాడట: "పొద్దునొక రంగు, సాయంత్రానికి ఇంకో రంగా? కప్పెడతన్నారు. మా పిల్లలకు మాత్రలెందుకు మింగించారు మరి?" దానికి సమాధానం ఉంది. కానీ చెప్పేకొద్దీ అబద్ధంలా వినిపించే సమాధానం అది. ఉద్యోగంలో కొత్తగా చేరిన వాళ్ళు ఈ సంగతి ఒకటి గుర్తుపెట్టుకోండి. మనం దిద్దుకున్న రిపోర్టు మనకు గౌరవంగా కనిపిస్తుంది. వినేవాడికి అది మాట మార్చడంలా కనిపిస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ బాధ పడింది ఆ పిల్ల తల్లి. వాళ్ళది కారంపూడి దగ్గర పల్లె. భర్త లేడు. కూలికి వెళ్తుంది. పిల్ల స్పృహ లేకుండా పడి ఉంటే, పక్క మంచాల వాళ్ళు తమ పిల్లల్ని ఎత్తుకుని వార్డులో అటు చివరకు పోయారు. ఆమె నీళ్ళ సీసా నింపుకోబోతే ఎవరో కుళాయి దగ్గర నుంచి వెళ్ళగొట్టారు. ఊళ్ళో ఉన్న చిన్నకూతుర్ని బడికి పంపొద్దని పక్కింటి వాళ్ళే ఫోన్ చేసి చెప్పారు. మా సిస్టర్లు మందలిస్తే, "మీకేం, మాస్కులేసుకుని తిరుగుతారు," అన్నారట. ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని పిల్ల కాళ్ళు పిసుకుతూ ఉండేది. రక్తం తీయడానికి వెళ్ళినప్పుడల్లా చూసేదాన్ని.

సంతకం కాని రిపోర్టు బయటికెట్లా పోయిందని పెద్ద డాక్టరు అందర్నీ కూర్చోబెట్టి అడిగాడు. మా వాడు కిక్కురుమనకుండా కూర్చోవచ్చు. నేను చెప్పే ఉద్దేశంలో లేనని అతనికి తెలుసు. అయినా లేచి, "నేనే సార్. మా అక్కకు చెప్పాను," అన్నాడు. కాంట్రాక్టు రద్దు దాకా వెళ్ళింది వ్యవహారం. డాక్టరమ్మ అడ్డుపడింది. "రెండో స్లైడు సరిగ్గా చేసింది కూడా అతనే సార్. ఈ ఆసుపత్రిలో ఇకమీదట ఎసిటోన్‌తో పొరపాటు చెయ్యని వాడు ఒక్కడన్నా ఉండాలి కదా," అంది. ఆఖరి చుక్కను అతని చేతికి ఎందుకిచ్చిందో అప్పుడు తెలిసింది నాకు. మెమో ఇచ్చి వదిలేశారు. ఆ తర్వాత మా ల్యాబులో కొత్త సీసా తెరిచిన ప్రతిసారీ పంటి పాచితో ఒక స్లైడు చేసి చూడటం నియమం అయింది. కొన్నాళ్ళు పళ్ళు తోముకోకుండా రమ్మని ఒకళ్ళనొకళ్ళం ఏడిపించుకున్నాం.

పిల్ల కోలుకుంది. ముందు కళ్ళు తెరిచింది, తర్వాత నీళ్ళడిగింది, తర్వాత ఇంటికి పోదామంది. ఎడమ చెవి మాత్రం వినపడకుండా పోయింది. పరీక్షలు సప్లిమెంటరీలో రాసుకోవచ్చని, చెవికి గుంటూరులో ఆపరేషను చేయించాలని పిల్లల డాక్టరు చెప్పి, తనే అక్కడి డాక్టరుతో మాట్లాడి పెట్టాడు.

డిశ్చార్జి రోజు మా వాడు నా దగ్గరకొచ్చి, "మేడమ్, ఆ తల్లికి చెప్పాలి. నాతోపాటు రండి," అన్నాడు.

"చెప్పి ఏం చేస్తావు? ఆమెకు నువ్వెవరో కూడా తెలీదు."

"అందుకే చెప్పాలి మేడమ్."

వెళ్ళాం. వరండాలో ఆమె సంచిలో బట్టలు కుక్కుతోంది. పిల్ల బల్ల మీద కూర్చుని కుడిచెవి మా వైపు తిప్పి చూస్తోంది. అతను నిలబడే చెప్పాడు. రంగు తప్పు రావడం, అక్కకు ఫోన్ చెయ్యడం, దాంతో ఊరంతా పాకడం, ఏదీ దాచలేదు. "మిమ్మల్ని కుళాయి కాడికి రానీకుండా చేసింది నా మాటేనమ్మా," అన్నాడు.

ఆమె సంచి ముడేసింది. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందేమోనని కూడా అనుకున్నాను.

"నీ అక్క కూతురు గాబట్టి ఫోన్ చేశావు," అంది. "తప్పేముంది. మేనమామవి, నీకు చానా భయమేసి ఉంటది. నాకట్టా ఫోన్ చేసేవాళ్ళు ఆస్పత్రిలో ఒక్కళ్ళన్నా ఉంటే, చెవి కారడం మెదడు దాకా పోద్దని నాకు ఎప్పుడో తెలిసేది. మూడేళ్ళు ఎల్లుల్లిపాయ నూనె పోసుకుంటా కూర్చున్నా. హాస్టలోళ్ళు చూశారు, బడోళ్ళు చూశారు. ఇది పెద్ద జబ్బమ్మా అని ఒక్కళ్ళు చెప్పలా."



ఆమె జాకెట్లోంచి చిన్న బటన్ ఫోన్ తీసి అతని చేతికిచ్చింది.

"నీ నంబరు ఇందులో ఎయ్యి. మా వీధిలో చెవులు కారే పిల్లకాయలు ఇంకా ఉన్నారు. ఏదన్నా అయితే నిన్నడుగుతా."

అతను నంబరు నొక్కి, "ఏం పేరు పెట్టమంటారు?" అన్నాడు.

"నాకు చదవను రాదు. ఏదో ఒకటి పెట్టు, పిల్ల చూసుకుంటదిలే."

అతను ఏదో పేరు పెట్టి ఫోన్ తిరిగిచ్చాడు. ఆమె సంచి భుజానికి తగిలించుకుని రెండడుగులు వేసి ఆగింది. ఫోన్ కూతురి చేతికిచ్చి, "ఏమే, ఇప్పుడేసిన నంబరుకు ఒకసారి కొట్టు," అంది. పిల్ల నొక్కింది. అతని చొక్కా జేబులో ఫోన్ మోగింది. అతను తియ్యబోతుంటే ఆమె చేత్తో వద్దని ఆపింది.

"మోగిందిగా, చాలు," అని కూతురి కుడిపక్కకు వచ్చి, చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.